క్యాష్ మౌంటెన్‌ని ఎందుకు వద్దన్నారు?

పోయిన నెల ఫెస్ట్ మీటింగ్‌లో మన క్లబ్ పెట్టిన తెలుగు క్విజ్ ప్రపోజల్ మూడు నిమిషాల్లో గాల్లో కలిసిపోయింది. "డీజే నైట్ ఉన్న రోజు క్విజ్‌కి ఎవరొస్తారు?" అన్నాడు సెక్రటరీ. "ప్రైజ్ మనీ ఎవరిస్తారు?" అంది పక్కనున్న ట్రెజరర్. అంతే, తర్వాతి ఐటమ్‌కి వెళ్ళిపోయారు. క్యాంటీన్‌లో మా జూనియర్ ఒకడు "బాధపడకన్నా, ఆ కోటీశ్వరుడు ప్రోగ్రామ్‌ని కూడా మొదట్లో ఛానెల్ వాళ్ళు వద్దన్నారంట" అని ఓదార్చాడు.

ఆ ఓదార్పు పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ఉద్దేశం అంత మంచిది కాదు. హిట్టయిన గేమ్ షోలని కాలదన్నుకున్న టీవీ పెద్దల చిట్టా ఒకటి తయారుచేసి, వాళ్ళెంత తెలివితక్కువవాళ్ళో ఈ సంచికలో రాసి, ఆ లింకు సెక్రటరీకి పంపాలని ప్లాన్. చదివాక ప్లాన్ మార్చుకోవాల్సి వచ్చింది. వాళ్ళ కుర్చీలో నేనున్నా వద్దనేవాణ్ణే అనిపించింది. ఎందుకో చెప్తాను.

కథ లండన్‌లో మొదలవుతుంది. క్యాపిటల్ రేడియోలో క్రిస్ టారంట్ అనే ఆయన పొద్దున పూట షో చేసేవాడు. ఆ షోకి ఫోన్ పోటీలు తయారుచేసే డేవిడ్ బ్రిగ్స్, రచయితలు మైక్ వైట్‌హిల్, స్టీవ్ నైట్ కలిసి 1995 ప్రాంతంలో ఒక టీవీ క్విజ్ ఐడియా రాసుకున్నారు. పేరు 'క్యాష్ మౌంటెన్'. అంటే డబ్బు కొండ. ఒక్కో ప్రశ్నకి ఒక్కో మెట్టు, చివరి మెట్టు మీద పది లక్షల పౌండ్లు. సెలడార్ అనే నిర్మాణ సంస్థ నడిపే పాల్ స్మిత్ దాన్ని ఐటీవీ నెట్‌వర్క్‌కి తీసుకెళ్ళాడు. వద్దన్నారు. మళ్ళీ తీసుకెళ్ళాడు. మళ్ళీ వద్దన్నారు. ఆ ఐడియా తెర మీదికి రావడానికి 1998 సెప్టెంబర్ 4 దాకా పట్టింది.

ఇప్పుడు ఒక్క నిమిషం ఐటీవీ ఆఫీసులో కూర్చోండి. ముందు పెట్టిన కాగితం చదవండి. ఒక మనిషి కుర్చీలో కూర్చుంటాడు. ఇంకో మనిషి ప్రశ్నలు అడుగుతాడు. ఒక్కో ప్రశ్నకి నాలుగు జవాబులు కూడా వాళ్ళే ఇస్తారు. టైమ్ లిమిట్ లేదు, ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. తెలియకపోతే ఫ్రెండ్‌కి ఫోన్ చేసుకోవచ్చు, ఎదురుగా ఉన్న జనాన్ని అడగొచ్చు. ఇవన్నీ చేసి గెలిస్తే మిలియన్ పౌండ్లు ఇచ్చి పంపాలి.

ఇది మన ఇంటర్నల్ ఎగ్జామ్ కన్నా తేలిక కదా! పైగా ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటుంటే రాత్రి పూట, ప్రకటనల రేటు బాగా పలికే టైమ్‌లో, ఎవరు చూస్తారు? బ్రిటన్‌లో అంతకు కొన్నేళ్ళ ముందు దాకా వాణిజ్య టీవీ బహుమతుల విలువ మీద నియంత్రణ సంస్థ పరిమితి ఉండేది. కార్లు, హాలిడే ట్రిప్పులు ఇచ్చే షోలకి అలవాటు పడ్డ దేశం అది. అక్కడ మిలియన్ అన్న మాటే నమ్మశక్యంగా ఉండదు. వారానికొకడు గెలిస్తే? ఒకే వారంలో ఇద్దరు గెలిస్తే? మా ట్రెజరర్ అడిగిందీ సరిగ్గా ఇదే.

ఈ డబ్బు ప్రశ్నకి స్మిత్ దగ్గర జవాబు ఉంది. పోటీలో పాల్గొనాలంటే ఖరీదైన ఫోన్ లైన్‌కి కాల్ చేయాలి, ఆ కాల్స్ మీద వచ్చే సొమ్ములోంచే బహుమతి. ఊహకి ఒక లెక్క వేసుకుందాం. ఒక్కో కాల్ మీద షోకి పావు పౌండు మిగిలిందనుకుంటే, మిలియన్ పౌండ్లకి 40 లక్షల కాల్స్ కావాలి. షో హిట్టయితే 40 లక్షలు పెద్ద సంఖ్య కాదు. ఫ్లాపయితే? కాల్స్ రావు, కానీ కుర్చీలో కూర్చున్నవాడు గెలవడన్న గ్యారంటీ లేదు. అంటే హిట్టయితేనే ఖర్చు భరించగలిగే షో ఇది. హిట్టవుతుందో లేదో తీసేదాకా తెలియదు. ఇలాంటి సర్క్యులర్ డిపెండెన్సీ ఉన్న ప్రాజెక్టుని మన రివ్యూ ప్యానెల్ అయినా వెనక్కి పంపేది.

మరి కాగితం మీద కనబడనిదేంటి? నాకు ఆసక్తిగా అనిపించిన భాగం ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

1955లో అమెరికాలో సీబీఎస్ నెట్‌వర్క్ మీద '64,000 డాలర్ల ప్రశ్న' అనే షో దేశాన్ని ఊపేసింది. అక్కడ పై మెట్లకి చేరిన పోటీదారు వారానికి ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పేవాడు. ఆడాలా, గెలిచిన డబ్బుతో ఇంటికి పోవాలా అన్నది తర్వాతి ప్రశ్న వినకముందే తేల్చుకోవాలి. లండన్ కుర్రాళ్ళు దీన్ని తిరగేశారు. ముందు ప్రశ్న చూడు, నాలుగు జవాబులూ చూడు, ఆ తర్వాత ఆడతావో వెళ్ళిపోతావో చెప్పు. చిన్న మార్పులా ఉంటుంది, కానీ ఆట మొత్తం మారిపోయింది. పాత ఆటలో టెన్షన్ అంతా 'జవాబు తెలుసా, తెలీదా' అన్నదే. కొత్త ఆటలో 'తెలిసినట్టే ఉంది, కానీ అంత డబ్బు పెట్టేంతగా తెలుసా?' అన్నది టెన్షన్. మొదటిది జ్ఞానానికి పరీక్ష. రెండోది మనిషికి పరీక్ష.

సెకండియర్ ప్రాబబిలిటీ పుస్తకం తీయండి. బ్రిటిష్ షో మొదటి రూపంలో 15 ప్రశ్నలు. 100 పౌండ్లతో మొదలై 1,000 దగ్గర ఒక మజిలీ, 32,000 దగ్గర ఇంకో మజిలీ. మజిలీ దాటాక తప్పు చెప్తే అక్కడికి జారతావు, అంతకన్నా కిందికి పడవు. మీ చేతిలో 64,000 ఉంది, ప్రశ్న 1,25,000కి. ఒప్పయితే 61,000 లాభం, తప్పయితే 32,000 నష్టం. ఎంత నమ్మకం ఉంటే ఆడటం లాభం? 32ని 93తో భాగిస్తే సుమారు 34 శాతం. నాలుగు ఆప్షన్లలో ఒకటి కచ్చితంగా కాదని తెలిసి మిగతా మూడింట్లో గుడ్డిగా ఒకటి అంటే మీ అవకాశం 33 శాతం. చూశారా, కత్తి అంచు మీద ఉంది!

ఇప్పుడు చేతిలో 5,00,000 ఉన్నాయి, ప్రశ్న మిలియన్‌కి. ఫిఫ్టీ-ఫిఫ్టీ వాడారు, రెండు ఆప్షన్లు మిగిలాయి, రెంటిలో ఏదో అస్సలు తెలీదు. లెక్క ప్రకారం ఆడాలి, ఎందుకంటే సగటు రాబడి 5,16,000, చేతిలో ఉన్నదానికన్నా 16,000 ఎక్కువ. మీరు ఆడతారా? నేనైతే ఆడను. మా నాన్న ఎడ్యుకేషన్ లోన్ గుర్తొస్తుంది. లెక్క 'ఆడు' అంటుంది, కడుపు 'ఇంటికి పో' అంటుంది. ఆ కొట్లాట మనిషి మొహం మీద కనబడుతుంది. కెమెరాకి కావలసింది అదే. టైమ్ లిమిట్ లేకపోవడం లోపం కాదని అప్పుడర్థమవుతుంది. గడియారం ఉంటే ఆ మొహం చూడ్డానికి టైమ్ చాలదు.

ఇక నాలుగు జవాబులు ముందే ఇవ్వడం సంగతి. మా అమ్మమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు. కానీ టీవీలో నాగార్జున ప్రశ్న చదవగానే "సీ లాక్ చెయ్యవయ్యా, సీ" అని అరిచేది. తెలిసీ కాదు, ఏదో ఒకటి అనొచ్చు కాబట్టి. ఆప్షన్లు లేకపోతే జవాబు తెలియనివాళ్ళు ప్రేక్షకులుగా మిగిలిపోతారు. ఆప్షన్లుంటే ఇంటిల్లిపాదీ ఆడతారు.

ఇవేవీ ప్రపోజల్ కాగితంలో కనబడవు. 'పోటీదారు ఆలోచిస్తాడు' అని రాస్తే చదివేవాడికి ఆవులింత వస్తుంది.

1997లో ఐటీవీలో ప్రోగ్రామ్స్ డైరెక్టర్‌గా డేవిడ్ లిడిమెంట్ వచ్చాడు. వినోద కార్యక్రమాలు చూసే క్లాడియా రోజెన్‌క్రాంట్జ్‌కి ఈ ఐడియా నచ్చింది. లిడిమెంట్‌ని ఒప్పించడానికి పాల్ స్మిత్ చేసిన పని తర్వాత టీవీ ప్రపంచంలో కథగా మిగిలిపోయింది. ఫైలు చూపించి వివరించడం మానేసి, ఆయనతోనే ఆడించాడు. బల్ల మీద నిజమైన డబ్బు పెట్టి, ప్రశ్న అడిగి, ఆడతావా, ఆపేస్తావా అన్నాడు. చేతిలో డబ్బు పోతుందేమోనన్న గుబులు పుట్టాక ఇక చెప్పాల్సిందేముంది? అప్పటిదాకా ఐటీవీ వాళ్ళకి అర్థం కానిది తెలివి లేక కాదు, ఆ కుర్చీలో కూర్చోక.

షో ఓకే అయ్యాక కూడా గండం గట్టెక్కలేదు. పేరు మారింది. 1956లో వచ్చిన 'హై సొసైటీ' సినిమా కోసం కోల్ పోర్టర్ రాసిన పాట పేరు తెచ్చి 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనేర్' అని పెట్టారు. పైలట్ ఎపిసోడ్ తీశారు. చూసుకుంటే చప్పగా ఉంది. లైటింగ్ మామూలు గేమ్ షోలా వెలిగిపోతోంది, సంగీతం పాప్ పాటలా హుషారుగా ఉంది. ఆ సంగీతం ఇచ్చింది అప్పటి హిట్ పాటల నిర్మాత పీట్ వాటర్‌మన్. దాన్ని పక్కన పెట్టి, ప్రసారానికి కొద్ది రోజులే ఉండగా కీత్ స్ట్రాకన్, ఆయన కొడుకు మాథ్యూ స్ట్రాకన్‌లకి పని అప్పగించారు. వాళ్ళు షో పొడుగునా దాదాపు ఆగకుండా వినిపించే నేపథ్య సంగీతం చేశారు. పై ప్రశ్నలకి వెళ్ళేకొద్దీ శ్రుతి అర స్వరం చొప్పున పెరుగుతూ పోతుంది. మనకి తెలియకుండానే గుండె వేగం ఎందుకు పెరుగుతుందో ఇప్పుడర్థమైందా? లైట్లు కిందికి దిగి కుర్చీ చుట్టూ చీకటి కమ్ముకునే ఏర్పాటు కూడా ఆ సెట్ ప్రత్యేకతే. అంటే ఒప్పుకున్న షో కూడా వద్దన్నవాళ్ళు భయపడ్డట్టే ఉండిపోయేది, చివర్లో ఆ సర్జరీ చేయకపోతే.

మొదటి విడత వరసగా పది రాత్రులు వేశారు. 1999కల్లా ఒక దశలో దాదాపు 1.9 కోట్ల మంది చూశారు. మిలియన్ మాత్రం ఎవరూ గెలవలేదు! 2000 నవంబర్ 20న జుడిత్ కెప్పెల్ అనే ఆమె మొదటిసారి గెలిచేదాకా రెండేళ్ళు పైనే పట్టింది. 'వారానికొకడు గెలిస్తే' అన్న భయం బ్రిటన్‌లో నిజం కాలేదు. అమెరికాలో మాత్రం 1999 ఆగస్టులో మొదలైన షోకి నవంబర్‌లోనే మొదటి మిలియనేర్ దొరికాడు. ప్రశ్నలు మరీ తేలిగ్గా ఉన్నాయని బీమా ఇచ్చినవాళ్ళు తగాదాకి దిగారు కూడా. కాబట్టి ఆ భయం పూర్తిగా పిచ్చిది కాదు.

అమెరికా నెట్‌వర్క్‌లకి ఇంకో పాత గాయం ఉంది. 1950ల్లో ఎన్‌బీసీలో వచ్చిన 'ట్వెంటీ వన్' షోలో కొందరు పోటీదారులకి జవాబులు ముందే ఇచ్చేవాళ్ళని బయటపడింది. చార్లెస్ వాన్ డోరెన్ అనే యూనివర్సిటీ అధ్యాపకుడు 1959లో చట్టసభ కమిటీ ముందు ఆ సంగతి ఒప్పుకున్నాడు. 1960లో క్విజ్ ఫలితాలు ముందే కుదర్చడాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు రాత్రి పూట పెద్ద డబ్బు క్విజ్ అంటే నెట్‌వర్క్‌లు జంకాయి. ఏబీసీ ధైర్యం చేయడానికి ఒక కారణం మైకేల్ డేవీస్. ఆ నెట్‌వర్క్‌లో పెద్ద ఉద్యోగి అయ్యుండి, ఈ షో కోసం ఉద్యోగం వదిలేసి నిర్మాతగా మారాడు. మనలో ఎంతమంది ప్లేస్‌మెంట్ ఆఫర్ వదులుకుని అలా చేస్తాం, నన్నడగకండి.

షో పేలాక మిగతా నెట్‌వర్క్‌లు ఏం చేశాయో చూడండి. ఫాక్స్ 1999 నవంబర్‌లోనే 'గ్రీడ్' తెచ్చింది, బహుమతి ఇంకా ఎక్కువ. 2000 జనవరిలో ఎన్‌బీసీ పాత 'ట్వెంటీ వన్'నే బూజు దులిపి లేపింది. సీబీఎస్ 'విన్నింగ్ లైన్స్' వేసింది, అది కూడా సెలడార్ వాళ్ళ ఫార్మాటే. ఏదీ ఆ ఏడాది దాటలేదు. వద్దని తప్పు చేసినవాళ్ళ కథలే మనం చెప్పుకుంటాం. ఎగబడి ఒప్పుకుని నష్టపోయినవాళ్ళ కథలు ఎవరూ చెప్పరు. ఏబీసీ కూడా ఆశకొద్దీ వారానికి నాలుగైదు రాత్రులు అదే షో తిప్పింది. 2002కల్లా రాత్రి పూట షో ఆగిపోయింది. లాభాల వాటా లెక్కల్లో మోసం జరిగిందని సెలడార్ డిస్నీ మీద కేసు వేసి, 2010లో 26.9 కోట్ల డాలర్ల తీర్పు గెలిచింది. హిట్టయితే ఇంకో రకం తలనొప్పి.

'సర్వైవర్' గురించి కొంచెం చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే అక్కడ వద్దన్నవాళ్ళ భయం ఇంకో రకం. చార్లీ పార్సన్స్ అనే బ్రిటిష్ నిర్మాత రాసిన ఐడియా అది. కొంతమందిని దీవిలో వదిలి, ఒక్కొక్కరినీ వాళ్ళ ఓట్లతోనే బయటికి పంపడం. సొంత దేశంలో ఎవరూ తీసుకోలేదు. మొదట 1997లో స్వీడన్‌లో 'ఎక్స్‌పెడిషన్ రాబిన్సన్'గా వచ్చింది. అక్కడ మొదట బయటికెళ్ళిన మనిషి ఇంటికెళ్ళాక, ప్రసారం మొదలవకముందే ఆత్మహత్య చేసుకున్నాడు. ఆటకీ దానికీ ఎంత సంబంధమో అన్న వాదన అలాగే ఉండిపోయింది. అమెరికాలో మార్క్ బర్నెట్ దీన్ని పట్టుకుని నెట్‌వర్క్‌ల చుట్టూ తిరిగితే తలుపులు మూసుకున్నాయి. చివరికి సీబీఎస్ ఒప్పుకుంది, స్పాన్సర్లని తేవడంలో అతన్నీ భాగం చేసి. 2000 ఆగస్టులో ఆఖరి ఎపిసోడ్‌ని సుమారు 5.1 కోట్ల మంది చూశారు. రేటింగ్ చూస్తే వద్దన్నవాళ్ళు ఓడిపోయారు. స్వీడన్ సంగతి గుర్తు చేసుకుంటే వాళ్ళని వెక్కిరించడానికి నాకు నోరు రాదు.

ఇక మన దేశం. 2000లో స్టార్ ప్లస్ ఛానెల్ జీ కన్నా వెనకబడి ఉంది. మిలియనేర్ హక్కులు తీసుకున్నారు గానీ, మనవాళ్ళు మొదట అనుకున్న బహుమతి లక్ష రూపాయలు! రూపర్ట్ మర్డోక్ కోటి చేయమన్నాడని అప్పట్లో స్టార్‌లో పనిచేసిన సమీర్ నాయర్ చెప్పారు. అమితాబ్ బచ్చన్ వెంటనే ఒప్పుకోలేదు. సినిమా స్టార్ టీవీకి రావడం అంటే కిందికి దిగడం అనుకునే రోజులు, ఇంట్లోనూ వద్దన్నారు. ఆయన సొంత కంపెనీ అప్పుల్లో ఉన్నా సరే తటపటాయించారు. అప్పుడు లండన్ తీసుకెళ్ళి షూటింగ్ చూపించారు. సెట్, క్రమశిక్షణ అన్నీ అచ్చం ఇలాగే ఉంటే చేస్తానన్నారు. లిడిమెంట్ విషయంలో పనిచేసిందే ఇక్కడా పనిచేసింది. చెబితే కాదు, ఆ గదిలో కూర్చోబెడితే.

2000 జూలై 3న 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలైంది. కొన్ని నెలల్లో స్టార్ దశ తిరిగింది. జీ ఊరుకుంటుందా? అదే ఏడాది 'సవాల్ దస్ క్రోర్ కా' తెచ్చింది. అనుపమ్ ఖేర్, మనీషా కొయిరాలా హోస్టులు, బహుమతి పది కోట్లు. కోటి ఇస్తే అంత హిట్టయితే పది కోట్లిస్తే పదింతలు కావాలి కదా! కొన్ని నెలలకే మూతపడింది. వాళ్ళకి కనబడింది కొండ మీది డబ్బు. ప్రశ్న చూసాక ఆగే ఆ మొహం కనబడలేదు.

తెలుగులోకి 'మీలో ఎవరు కోటీశ్వరుడు' రావడానికి 2014 దాకా పట్టింది, మా టీవీలో. నాగార్జున తర్వాత 2017లో చిరంజీవి, 2021లో జెమినీలో పేరు కాస్త మార్చుకుని ఎన్టీఆర్. మధ్యలో ఎంత కాలం గడిచినా నాలుగు ఆప్షన్లు, కుర్చీ, చీకటి అవే.

మళ్ళీ మన సంగతి. వచ్చే గురువారం కమిటీ మీటింగ్ ఉంది. ప్రపోజల్ తిరగరాయలేదు. ఆరు ప్రశ్నలు రాశాం, నలుగురం తలా కొంత వేసుకుని ఆరు కవర్లలో నిజం డబ్బు పెట్టాం. చివరి కవర్లో వెయ్యి రూపాయలు. సెక్రటరీని కుర్చీలో కూర్చోబెట్టి లైట్లు ఆర్పేద్దామని మా జూనియర్ అంటున్నాడు. సంగీతం వాడి ఫోన్‌లోంచి.

ట్రెజరర్ ప్రశ్నకి కూడా ఒక లెక్క వేశాం. హాట్ సీట్ లాటరీకి పది రూపాయల టోకెన్ పెడితే, ఐదు వేల బహుమతికి 500 టోకెన్లు అమ్మాలి. డీజే నైట్ రోజున 500 టోకెన్లు అమ్ముడుపోతాయా? ఆ అమ్మాయి ఇదే అడుగుతుంది. మా దగ్గర ఇంకా జవాబు లేదు.